పైకెక్కని ముల్లు

మీరా సాహెబ్ మెగ్గరు హ్యాండిలు మళ్లీ తిప్పాడు. తీగల్లో కరెంటు కారుతోందో లేదో చెప్పే పెట్టె అది. అంతా బాగుంటే ముల్లు పైకెక్కాలి. ఇది మాత్రం సున్నా దగ్గరే చతికిలబడింది.

"నిన్న బానే ఉందిగా, ఏందిది?" అన్నాడు మిల్లు యజమాని వెంకట్రామయ్య. "కరెంటు ఇన్‌స్పెక్టరు గుంటూరు బండి దిగే వేళయింది. కాయితంలో నిన్నటి అంకే రాసి పడెయ్."

"రాయను అయ్యగారూ. రేపెవరన్నా మీట ముట్టుకుంటే ప్రాణం పోద్ది."

నరసరావుపేటకు కరెంటు కొత్త. మీరా సాహెబుకు ఈ వైర్‌మన్ కొలువు అంతకన్నా కొత్త. ఇది పోతే మళ్లీ జట్కా తోలుకోవడమే గతి. ఒక కన్ను రోడ్డు మీద వేసి, ఒక్కో తీగా విప్పి చూశాడు. ఎక్కడా వంక లేదు. చివరికి మీటల చెక్క ఊడదీస్తే లోపలంతా తడి. వాన పడి నెల దాటింది.

"నీళ్లెవరు పోశారు?" వెంకట్రామయ్య గొంతు మిల్లంతా వినబడింది. "మీరా, నీ మనుషుల్లో ఎవరి పనైనా సరే, నీకిక ఇక్కడ పని లేదు."

నూకలు చెరుగుతున్న ఆడవాళ్ల చేటలు ఆగిపోయాయి. వాళ్లలో మీరా సాహెబ్ తల్లి మహమూదా కూడా ఉంది. ఆమె పక్కనే నిలబడి చెరుగుడు చూస్తున్న యజమాని తల్లి రాఘవమ్మ ముందుకొచ్చింది.

"అరవమాకురా. నేనే తులసి తీర్థం చల్లా. కొత్త పని కదా, మంచి జరగాలని."

కన్నతల్లిని పనిలోంచి తీసేయడం ఎంత యజమానికైనా కుదరదు. వెంకట్రామయ్య పళ్లు నూరుకుని ఊరుకున్నాడు.

కుంపటి సెగకు చెక్క ఆరింది, ముల్లు పైకెక్కింది. ఇన్‌స్పెక్టరు వచ్చి, చూసి, సంతకం పెట్టి వెళ్లాడు. మీరా సాహెబుకు మాత్రం కోపం చల్లారలేదు. మధ్యాహ్నం తల్లి అన్నం పెడుతుంటే గొణుగుతూనే ఉన్నాడు.

"పెద్దమ్మగారి భక్తి నా కొంప ముంచేదే అమ్మీ. సాయంత్రం మొహాన్నే అడిగేస్తా."

మహమూదా చేతిలో గరిటె ఆగింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించింది.

"ఆమెనేం అనమాక. దర్గా నీళ్లు చల్లింది నేనేరా."