కేల్ మడి

"నాన్న పోయి నెలైనా కాలేదు. ఆయన నీళ్లు పోసి పెంచిన మొక్కలమ్మా, ఎందుకు పీకేస్తున్నావు?"

అమ్మ తలెత్తలేదు. ఎడమ పిడికిలి బిగించి, కుడిచేత్తోనే కేల్ ఆకుకూర మొక్కలను వేళ్లతో సహా లాగి బకెట్లో పడేస్తోంది.

"పురుగు పట్టిందే."

నేనొక ఆకు తిప్పి చూశాను. ఒక్క చిల్లు లేదు.

"నా దగ్గర కూడా అబద్ధమేనా?"

అమ్మ చెయ్యి ఆగింది.

"రక్తం గడ్డకట్టకుండా మీ నాన్న మాత్ర వేసుకునేవారు కదా. ఈ ఆకు రోజూ అంతంత తింటే అది పనిచెయ్యదట. ఆయన పోయాక డాక్టరు చెప్పాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమొస్తుంది? ఆయన చేదన్నా వినకుండా వండి పెట్టింది నేను. ఆ పాపం నాతోనే పోనీ."

మడి మొదట్లోకి చూశాను. విత్తనాలు తెచ్చి నాటిన రోజు నేను గుచ్చిన ఐస్‌క్రీమ్ పుల్ల అక్కడ లేదు. దాని కన్నం ఉంది.

"ఆ చెయ్యి తెరువమ్మా."

"ఏం లేదు, మట్టి."

నేనే ఆ వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాను. పుల్ల మీద నా చేతిరాత ఇంకా చెదరలేదు.

'నాన్న గుండెకు. రోజూ తినాలి.'