అమ్మకం తెలిసినవాడు

"ఇలాంటివి నేనూ అచ్చేయిస్తాలేవయ్యా!" అంటూ కాలేజీ వాళ్లిచ్చిన రంగుల పుస్తకాన్ని తెరవకుండానే బల్ల మీదికి తోసేశాడు పాత కార్ల షావుకారు.

అడ్మిషన్ల మేనేజరు నవ్వు చెక్కుచెదరలేదు. పాపం, అతని జీతమే ఆ నవ్వుకి.

షావుకారిది మామూలు నోరు కాదు. వరదలో మునిగి తేలిన బండికి రంగు పూసి, "డాక్టరు గారి బండండీ, ఆదివారం తప్ప బయటికి తీసేవారు కాదు" అని అంటగట్టిన నోరు. తలుపు మీద చిన్న గీతుంటే తనే ముందు చూపించి, ఎంత నిజాయితీపరుడో అనిపించుకుంటాడు. అలాంటివాడు ఇంకొకడి మాట నమ్ముతాడా? ఎదుటివాడు అమ్మడానికొస్తే ఆమడ దూరం నుంచే పసిగట్టేస్తానని అతని గొప్ప.

అసలు ఈ కాలేజీకి రావడమే అతనికిష్టం లేదు. ఇంట్లో ఆవిడ పోరు పడలేక వచ్చాడు. కూతురికి అప్పటికే సర్కారు కాలేజీలో సీటొచ్చింది. అక్కడ బెంచీలు విరిగిపోయాయి గానీ పాఠాలు బ్రహ్మాండంగా చెబుతారట. పిల్ల ప్రాణమంతా ఆ సీటు మీదే ఉంది. సాయంత్రంలోగా వెళ్లి చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కాలేజీ బీరువాలో పడితే చదువు ఆ కాలేజీలోనే.

"ఓ చుట్టు చుట్టి, నాలుగు దులిపేసి పోదాం తల్లీ. మీ అమ్మ సణుగుడు ఆగాలి కదా," అని ఇందాక మెట్లెక్కేటప్పుడే కూతురితో అన్నాడు. పిల్ల ధైర్యంగా నవ్వింది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "మా దగ్గర చదువొక్కటే కాదండీ. వ్యక్తిత్వ వికాసం, లక్ష్య సాధన, నాయకత్వ..."

"ఆపవయ్యా! ఇంజను చూపించమంటే సీటు కవర్లు చూపిస్తావేం?"

"నేను చెబితే ఇలాగే ఉంటుందిలెండి. మా కాలేజీ కుర్రాణ్ణే పంపిస్తాను. అతన్ని అడగండి," అని మేనేజరు గంట కొట్టాడు.

నీలం కోటు, టై, జేబు మీద కాలేజీ ముద్రతో కుర్రాడొకడు వచ్చాడు. నున్నగా గీసుకున్న గడ్డం. వినయంగా తలుపు తెరిచి పట్టుకున్నాడు.

వరండా మలుపు తిరగ్గానే షావుకారు అతని భుజం మీద చెయ్యేశాడు. "చూడు బాబూ, ఇక్కడ మీవాళ్లెవరూ లేరు. నిజం చెప్పు. ఈ కాలేజీ నీకేం ఒరగబెట్టింది?"

"నేనిక్కడికొచ్చినప్పుడు నలుగురి ముందు నోరు పెగిలేది కాదు సార్. పేరడిగితే చెమటలు పట్టేవి. ఇప్పుడు రోజూ కొత్తవాళ్లతోనే మాట్లాడుతున్నాను."

లైబ్రరీలో అద్దాల వెనక పుస్తకాలు తళతళలాడుతున్నాయి. "ఎవరైనా ముట్టుకుంటారా వీటిని?" అని దెప్పాడు షావుకారు.

"ఎక్కువమంది ముట్టుకోరు సార్." క్యాంటీన్ ముందు అతనే గొంతు తగ్గించాడు. "ఇక్కడ టీ మాత్రం తాగకండి సార్. బాగోదు."

షావుకారు ఆ మాటకి పడిపోయాడు. తన కాలేజీ లోపం తనే చెప్పుకునేవాడు అమ్మడానికి రాడని తేల్చేసుకున్నాడు. అయినా చదువుకునే కుర్రాడికి అమ్మాల్సిన ఖర్మేంటి?

"మరి లెక్చరర్లు బాగా చెబుతారా అండీ?" అనడిగింది పిల్ల.

"మీరెక్కడున్నా బాగా చదువుకునేలా ఉన్నారండీ," అన్నాడు కుర్రాడు.

"నాన్నా, ఆయన జవాబు చెప్పలేదు."

"నువ్వుండవే! ఉద్యోగం సంగతేంటి బాబూ?"

"వచ్చింది సార్. ఆఖరి పరీక్షలు రాయకముందే వచ్చింది. కాలేజీయే ఇప్పించింది."

"ముందు ముందు ఏమవుదామని?"

"చేరేటప్పుడు ఏవేవో కలలుండేవి సార్. ఇప్పుడు ఒకటే లక్ష్యం. ఇంకా పెద్దచోట పని చేయాలి."

షావుకారి కళ్లు మెరిశాయి. ఎంత స్పష్టత! ఎంత ఒద్దిక!

"టైమైపోతోంది నాన్నా. నా సీటు పోతుంది," అని చెయ్యి పట్టుకు లాగింది పిల్ల.

"పోతే పోనీ! ఆ విరిగిన బెంచీల మీద కూర్చుంటే నీకిలా మాటలొస్తాయా? గట్టిగా రెండు ముక్కలు మాట్లాడలేవు. ఈ అబ్బాయిలో సగం తయారైతే నాకంతే చాలు!"

"నాన్నా, ప్లీజ్..."

"మనుషుల్ని చూడగానే తూకం వేసేవాణ్ణి. నాకు తెలీదా?"

పిల్ల చేతిలోని సర్టిఫికెట్ల కవరు అతనే లాక్కుని కౌంటర్లో ఇచ్చాడు. గుమాస్తా దాన్ని ఇనప బీరువాలో పెట్టి తాళం తిప్పాడు. ఇక ఆ తాళం మూడేళ్లదాకా తీయరు. పిల్ల ఏడుపు దిగమింగుకుని కారెక్కి కూర్చుంది.

షావుకారి గుండె మాత్రం ఉబ్బిపోయింది. సాగనంపడానికి గేటుదాకా వచ్చిన కుర్రాణ్ణి చూస్తే వదలబుద్ధి కాలేదు.

"బాబూ, నా షోరూముకి నీలాంటి నోరే కావాలి. ఎవరో ఇప్పించిన ఆ ఉద్యోగం వదిలేసెయ్. ఆ జీతానికి పైన వేసి ఇస్తాను. నీ చదువెప్పుడైపోతుందో చెప్పు, ఆ మర్నాడే చేరిపో!"

కుర్రాడి మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. వెనక్కి తిరిగి మేనేజరు కిటికీ వైపు చూసి, గబగబా కోటు గుండీలు విప్పుకున్నాడు.

"రేపే చేరిపోతాను సార్, నా చదువైపోయి నాలుగేళ్లయింది, కాలేజీ నాకిప్పించిన ఉద్యోగం మీలాంటివాళ్లకి ఇదంతా తిప్పి చూపించడమే!"