హాలులో పుస్తకాల గోడ

"మరి టీవీ ఎక్కడెడతారు?" అంది మా ఆవిడ హైమ.

గోడకి టేపు పట్టి కొలతలు తీస్తున్న నేను వినపడనట్టు నటించాను.

"హాలంతా పుస్తకాలెట్టీస్తే మనమేటి, వంటింట్లో కూకోవాలా?"

"పెద్దవాళ్ళ ఇళ్ళలో అలాగే ఉంటుందే," అన్నాను. నిజానికి బరంపురంలో మాది అంత పెద్ద ఇల్లేమీ కాదు. ఫోనులో ఎవరెవరివో బంగళాలు చూసి, గోడ పొడుగునా అరలు, పై అర అందుకోడానికి ఒక నిచ్చెన, అన్నీ కాగితం మీద గీసేశాను. మా హాలులో ఆ నిచ్చెన రెండో మెట్టెక్కితే తల ఫ్యానుకి తగులుతుంది. ఆ సంగతి మా అమ్మాయి రేష్మ చెప్పాక బొమ్మలోంచి నిచ్చెన కొట్టేశాను.

వడ్రంగి కాసులు నా బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పుస్తకాలు ఏ వరసనెడతారు బావూ? కథలకో అర, దేవుడి పుస్తకాలకో అర, అలాగేటైనా ఉందా?"

"పొడుగువి కింద, పొట్టివి పైన," అన్నాను గంభీరంగా.

అంతకు మించి చెప్పే యోగ్యత నాకు లేదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని, బడిలో చదువుకున్నది ఒడియా. హైమా అంతే, రేష్మా అంతే. తెలుగు అక్షరాలు కూడా ఒడియాలాగే గుండ్రంగా ఉంటాయి. చూడగానే గడగడా చదివేస్తాననిపిస్తుంది. నోరు తెరిస్తే ఒక్కటీ రాదు. అలాంటివాణ్ణి తెలుగు పుస్తకాల కోసం గోడ కట్టిస్తున్నాను. బట్టతలవాడు దువ్వెనకి బేరమాడినట్టుంది నా వ్యవహారం.

పుస్తకాలు నాన్నవి. నాన్న గణపతిరావు రైల్వేలో గ్యాంగ్‌మన్. పాత పుస్తకాలు అమ్మేవాడు కనిపిస్తే చాలు, బైండు గట్టిగా ఉన్నవి ఏరి తెచ్చుకునేవాడు. సాయంత్రం డ్యూటీ దిగి, స్నానం చేసి, హాలులో కూర్చుని మాకు కథలు చదివి వినిపించేవాడు. నాకూ తెలుగు చదవడం నేర్పమంటే, "ముందు ఇస్కూలు సదువు సూసుకో," అనేవాడు. బద్ధకస్తుడికి అంతకన్నా ఏం కావాలి? హాయిగా వింటూ కూర్చున్నాను.

పోయేముందు నాన్న తన స్నేహితుడు వైకుంఠరావు గారికి ఒక మాట అప్పగించాడు. ఇంట్లో చదివేవాళ్ళుంటే పుస్తకాలు అక్కడే ఉండనీ, లేకపోతే లైబ్రరీకి పట్టుకుపో అని. మేమంతా బాబాయ్ అని పిలిచే ఆయన ఊళ్ళో తెలుగువాళ్ళ లైబ్రరీ ఒకటి నడుపుతారు. నాన్న పోయాక ఏడాదిపాటు ఆ ఊసెత్తలేదు. వచ్చే నెల వస్తానని మొన్న ఫోను చేశారు.

నాన్నంటే నాకు ఆ పుస్తకాలే. అవి వెళ్ళిపోతే ఆయన గొంతు కూడా ఇల్లు వదిలి వెళ్ళిపోతుందని భయం వేసింది. అందుకే ఈ గోడ. అట్టపెట్టెల్లో ఉన్నవాటిని ఎవరైనా ఎత్తుకుపోవచ్చు గాని, గోడలో అమర్చినవాటిని అడగడానికి ఎవరికైనా మొహమాటంగా ఉంటుంది కదా! అదీ నా తెలివి.

నడుమ టీవీకి గూడు వదిలాక హైమ మెత్తబడింది. కాసులు పని ముగించాడు. పుస్తకాలు సర్దడం మాత్రం నా చేతుల మీదుగానే జరగాలని పట్టుబట్టాను. ఏది తలకిందులుగా ఉందో తెలియక, ఒక్కొక్కటీ తెరిచి పేజీల అంకెలు చూసి నిలబెట్టాను. అంకెలు కనిపెట్టినవాడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

బాబాయ్ వచ్చారు. గోడని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశారు.

"బాగా కట్టించినావురా శంకరా. ఏదీ, ఒకటి తీసి సదువు, ఇందాం."

టీ తెస్తున్న హైమ గుమ్మంలోనే ఆగిపోయింది.

ఎర్ర బైండు లావుపాటి పుస్తకం తీశాను. నాన్న ఎక్కువగా తెరిచేది అదే. అందులో కథ ఒకటి విని విని నాకు నోటికొచ్చేసింది. పొలసర సంతలో ఎద్దుని అమ్మేసి, అది వెనక్కి తిరిగి చూసిందని డబ్బు వాపసిచ్చి ఇంటికి తోలుకొచ్చేసిన ముసలాడి కథ.

మొదలుపెట్టాను. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాను. కళ్ళు ఎడమ నుంచి కుడికి పరుగెత్తించాను. ఎద్దు బొమ్మ ఉన్న పేజీ దగ్గర నాన్న గొంతు సవరించుకునేవాడు. నేనూ సవరించుకున్నాను. ముసలాడు ఎద్దు మెడ కావలించుకునే చోట నాన్న గొంతు బొంగురుపోయేది. అక్కడ మాత్రం నేను నటించలేదు, నిజంగానే ఏడుపొచ్చింది.

బాబాయ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అచ్చం మీ నాయిన సదివినట్టే ఉందిరా. పుస్తకాలు ఇక్కడే ఉండనీ," అన్నారు.

గెలిచేశాను! ఒక్క అక్షరం రాకుండా లైబ్రరీ నడిపే మనిషినే బురిడీ కొట్టించాను. ఆయన్ని సాగనంపడానికి రొమ్ము విరుచుకుని గేటుదాకా వెళ్ళాను. అంతటితో నోరు మూసుకోవచ్చు కదా?

"ఈసారి వచ్చినప్పుడు ఇంకో కథ చదువుతాను బాబాయ్," అని ఒక కోత కూడా కోశాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, చిన్నగా నవ్వి అన్నారు: "మీ నాయినా ఆ పశువుల వైద్యం పుస్తకం ముందెట్టుకునే ఆ కథ సెప్పీవోడ్రా, ఆడికీ నీలాగే ఒక్క అచ్చరం ముక్క రాదు."