ముఖేష్‌కి పంపిన మూట

మాలకొండమ్మ మూటను తెచ్చి సుప్రియ ఒళ్ళో పెట్టింది. పాత పంచె గుడ్డ, పైన గట్టి ముడులు.

"మా ముఖేష్‌కి ఇయ్యమ్మా. పొద్దున్నే నీళ్ళు పోసుకొని, నోట్లో ఏమీ వేసుకోకముందే తీసుకొనిపో. వాడు కనపడకపోతే సముద్రంలో వదిలేయి. వాడికే అందుతుంది."

పక్కన వల బాగుచేస్తున్న ఆమె మొగుడు పోలేరయ్య చేతిలో సూది ఆగిపోయింది.

పక్కింటి సుప్రియ టాంజానియాకు చదువుకు పోతోంది. చేపల చదువు. అల్లూరు అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఆ పల్లెలో ఆఫ్రికా పేరు తెలియని పసిబిడ్డ లేదు. అదంతా పోలేరయ్య నోటి చలవ. కృష్ణపట్నం రేవు దాటి ఎరగని ఆ పెద్దమనిషి, ఆఫ్రికాలో సింహాలు బస్సు కోసం వరసలో నిలబడతాయనీ, పడవలకు రెక్కలుంటాయనీ, ఒక్క అరటిపండు కోస్తే పెళ్ళి భోజనాలు గడిచిపోతాయనీ చెప్పేవాడు. సుప్రియ ఆ కోతలు వింటూనే పెరిగింది.

ఆ కథలు మొదలైంది మాత్రం నవ్వులాటకు కాదు. పదేళ్ళ కిందట వేటకు పోయిన ముఖేష్ తిరిగి రాలేదు. తల్లి గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరు బతిమాలినా లేవలేదు. అప్పుడు పోలేరయ్య రొప్పుకుంటూ వచ్చి చెప్పాడు.

"లేవమే! మనోణ్ణి ఓడోళ్ళు ఎక్కించుకున్నారంట. ఆఫ్రికాలో దించినారంట!"

ఆమె లేచింది. గంజి తాగింది.

ఇంకేముంది, ముఖేష్‌కు అక్కడ సొంత పడవ వచ్చింది. తర్వాత పెళ్ళాం వచ్చింది. మొన్నీమధ్యనే రెండో బిడ్డకు చెవులు కూడా కుట్టించాడు పోలేరయ్య.

ఆ రోజు సుప్రియ మూట తీసుకుని బయటికి రాగానే ముసలాయన వెనకే వచ్చాడు.

"అమ్మా, ఆడ ఎవురూ లేరు."

ఆ పిల్లకు అర్థం కాలేదు.

"వాడు నాకు దొరికినాడు. దక్షిణంగా, సరుగుడు తోటల కాడ, ఒడ్డున. మొహం ఆనవాలు లేదు. నడుముకు వాళ్ళమ్మ చేయించిన వెండి మొలతాడు ఉండింది. నేనే గుంట తీసినా. మొలతాడు తెంచుకొచ్చి వలల గుడిసె చూరులో దోపినా. మళ్ళీ ఆ చూరులో చెయ్యి పెట్టలా."

"అవ్వకు తెలీదా తాతా?"

"తెలిస్తే బతుకుతుందా? నువ్వు వాణ్ణి చూసినానని చెప్పు. మూట ఇచ్చినానని చెప్పు. దాంట్లో ఎండుచేపలూ రొయ్యపొడీ ఉంటాయిలే, నువ్వే తిను."

సుప్రియ తల ఊపింది. కళ్ళు తుడుచుకుని విమానం ఎక్కింది.

మొదటి ఫోనులోనే తగులుకుంది.

"తాతా, నువ్వు ఒట్టి కోతలరాయుడివి! సింహం కాదు గదా, పిల్లి కూడా ఎదురు రాలా. బస్సులో తోసుకోవడం చూస్తే మన అల్లూరు బస్సే. అన్నం బదులు తెల్లటి సంగటి. క్లాసులో ఒకమ్మాయి అడిగింది, మీ ఊళ్ళో బడికి ఏనుగు మీద పోతారా అని. వాళ్ళకీ ఒక పోలేరయ్య తాత ఉన్నట్టుండాడు."

పోలేరయ్య పగలబడి నవ్వాడు.

"ఒక్కటి మాత్రం నిజం తాతా. పడవలకి రెక్కలుండాయి! రెండు పక్కలా కొయ్య రెక్కలు, తిరగబడకుండా."

ముసలాయన నవ్వు ఆగిపోయింది. రెక్కలు ఆయన గాలిలోంచి తీసిన మాట. అదే నిజమైతే... ఒక్క క్షణం, తాను తవ్విన గుంటే అబద్ధమైతే బాగుండునని ఆశపడ్డాడు.

మాలకొండమ్మ ఫోను లాక్కుంది.

"సముద్రం దగ్గరికి పోయినావా? ఇచ్చినావా?"

"ఆదివారం పోతానవ్వా."

"ఏమీ తినకుండా పో."

ఎన్నిసార్లు ఫోను వచ్చినా ఆమెకు అదే మాట. కొడుకు బక్కచిక్కాడా అని అడగలేదు. మనవరాళ్ళది ఎవరి పోలిక అని అడగలేదు. అడిగితే పాపం ఆ పిల్ల ఏం చెప్తుందోనని వణికిపోతున్న పోలేరయ్య, అడగనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాడు.

ఆదివారం మాలకొండమ్మ చేపల గంప ఎత్తుకుని పోయాక ఫోను మోగింది. తెరమీద సుప్రియ. తడి జుట్టు, వెనక సముద్రం. ఒడ్డున రెక్కల పడవలు.

"వచ్చినకాణ్ణించీ వేటోళ్ళ మొహాలే చూస్తుండా తాతా. లేడని తెలిసి కూడా."

పోలేరయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అవ్వేమో తినొద్దంది. నువ్వేమో తినమన్నావు. ఎవరి మాట వినేది?"

"ముందు విప్పు. రొయ్యపొడి ముక్కిపోయుంటుంది."

సుప్రియ ఫోనును పడవ అంచుకు ఆనించింది. ముడులు ఎంతకీ రాలేదు. వలకు వేసే ముడులు. పళ్ళతో లాగింది. గుడ్డ విడింది.

"తాతా..." ఆ పిల్ల గుడ్డ మీదికి వంగింది. "ఇందులో తినేవి లేవు."

అరచేయి ఫోనుకు దగ్గరగా తెచ్చింది.

గుప్పెడు బియ్యం, నల్ల నువ్వులు, వాటి నడుమ ఏళ్ళ తరబడి తోమి తోమి తళతళలాడుతున్న వెండి మొలతాడు.