తెగిన రేఖలు

సార్ కాలర్ పట్టుకుని గోడకేసి గుద్దాను. ఆయన కళ్లద్దాలు నా బూటు కింద నలిగాయి.

"అయస్కాంత రేఖకు చివర ఉండదని నేర్పింది మీరే కదా! మరి మన కంప్యూటర్ గీసిన నక్షత్రం నిండా ఈ తెగిన చివరలేంటి? మనం వ్యాసంలో చాటిన నక్షత్ర తుఫానూ లేదు, తొక్కా లేదు. అంతా తప్పుడు లెక్క! దాన్ని దాచి పేరు కొట్టేద్దామనా?"

ఆయన పెదవి మీది నెత్తురు తుడుచుకున్నాడు. "ప్రోగ్రామ్‌లో ఆ తప్పు లైను రాసిందెవరో చూడరా, మొద్దూ."

చూశాను. తెర మీద ఆ లైను పక్కనే నా పేరుంది.

బల్ల మీద, సైన్స్ పత్రికకు రాసిన ఉత్తరం ఉంది. నిన్నటి తేదీ. "మా వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాం. ఆ లైను రాసింది నేనే." కింద ఆయన సంతకం.

"నీ పేరు రాస్తే రేపే గేటు బయట ఉంటావు," అన్నారు సార్.

ఉత్తరాన్ని పరపరా చింపేశాను.

"ఇది కూడా నేనే రాస్తాను, సార్."