తెల్లబడుతున్న పొడి

బంగారాన్ని కంటికి ఆనని రేణువులుగా టైటానియం ఆక్సైడ్ పొడి మీద పరచడం ఆమె పని. అలా పరుచుకున్న బంగారం పచ్చగా ఉండదు, ఊదారంగులో ఉంటుంది. ఆ రాత్రి ల్యాబ్‌లో ఒక్కతే ఉంది. చిన్న కొలిమిలోంచి గిన్నె తీసి చూస్తే, పొడి ఉప్పులా తెల్లగా ఉంది.

ప్రొఫెసర్‌గారికి ఫోన్ చేసింది. "మేడమ్, ఇందులో బంగారం లేదండీ."

"ఎక్కడికి పోతుందమ్మా? ఆ వేడికి ఆవిరవదు కదా. పొద్దున చూద్దాంలే, ఇంటికెళ్లి పడుకో."

ఫోన్ పెట్టీ పెట్టకముందే భర్త చేశాడు.

"పాప గోళ్లు ఊదారంగుకి తిరిగాయి. ఎంత కడిగినా పోవట్లేదు. ఒళ్లు కాలిపోతోంది."

"ఆసుపత్రికి తీసుకెళ్లండి. నేనూ వచ్చేస్తున్నా."

బ్యాగు అందుకుంటూ పెద్ద కొలిమి అద్దంలోంచి లోపలికి చూసింది. అందులో కాలుతున్న రెండో విడత పొడి ఇంకా ఊదాగానే ఉంది. అంచులు మాత్రం తెల్లబడుతున్నాయి.

"ఇప్పుడు మణికట్ల దాకా పాకింది," అన్నాడు భర్త.

గబుక్కున స్విచ్ కట్టేసింది. తలుపు లాగితే రాలేదు. లోపల వేడి తగ్గేదాకా దాని గడియ వీడదు. అంత కొలిమి చల్లారేసరికి తెల్లారుతుంది.

"వింటున్నావా? బయల్దేరావా?"

ఆ తెలుపు మెల్లగా మధ్యకి జరుగుతుంటే, ఆమె తలుపు పిడి పట్టుకుని లాగుతూనే ఉంది.