బొట్టు పెట్టిన కంప్యూటరు

ఆయుధపూజ నాడు ప్రొద్దుటూరులో వాసుదేవ్ ఇంట్లో తక్కెడకు, జీపుకు, కంప్యూటరుకు బొట్లు పెట్టారు. కంప్యూటరు మాత్రం నడుస్తూనే ఉంది.

"బొట్టు పెట్టినాక పని చేయించగూడదు. ఆపు నాయనా," అంది తల్లి రాజ్యలక్ష్మమ్మ.

"ఆపను. యాడనో డాక్టర్లు రోగాలకు మందు వెతుకుతాండారు. వాళ్ల లెక్కలు కొన్ని ఇంటర్నెట్‌లో తెచ్చుకొని మన కంప్యూటరు చేస్తాండాది."

"పరాయోళ్ల పని ఒక దినం ఆగితే ఏమైతాది?"

ఆమె స్విచ్ మీదికి చెయ్యి చాచింది. వాసుదేవ్ అడ్డం నిలబడ్డాడు.

"పోయినేడు నీ కోడలికి ఎదలో నొప్పి వచ్చింది కూడా ఆయుధపూజ దినమే. బొట్టు పెట్టిన జీపు కదలగూడదు, తెల్లారినాక కడపకు పోదామన్నది నేనే అమ్మా. దాని పానం తెల్లారేదాకా ఆగలేదు."